అరుదైన పాస్తా ఆకారాలు: దేనికి ఏ వంటకం నప్పుతుంది, ఎలా వండాలి

మన ఊళ్లలో పాస్తా అనగానే పెన్నె, మాకరోనీ, స్పగెట్టి అనే మూడు ఆకారాలూ, వైట్ సాస్, రెడ్ సాస్ అనే రెండు రుచులూ గుర్తుకు వస్తాయి. ఇటలీలో మాత్రం జిల్లాకొక ఆకారం, ఆ ఆకారానికి తరతరాలుగా జత కుదిరిన వంటకం ఉంటాయి. ఆ జత ఊరికే ఏర్పడలేదు. ఆ నేలలో ఏ గోధుమ పండుతుందో, పక్కన సముద్రం ఉందో కొండ ఉందో, ఇంట్లో ఏ ఆకుకూర, ఏ జున్ను (చీజ్) నిలవ ఉంటాయో చూసుకొని, వాటిని పట్టి ఉంచగలిగేలా పిండిని చేత్తో మలిచారు. అందువల్ల అంతగా పేరు వినబడని పాస్తా ప్యాకెట్ ఒకటి చేతికి వచ్చినప్పుడు అలవాటైన సాస్‌లో దాన్ని కలిపివేయడం కన్నా, ముందు ఆకారాన్ని పరిశీలించి దానికి తగిన వంటకాన్ని ఎంచుకోవడమే సరైన క్రమం. ఈ మార్గదర్శిలో అటువంటి కొన్ని ఆకారాలను, వాటిని వండే పద్ధతిని వివరిస్తాను. వీటిలో రెండింటిని ఇంట్లోనే చేసుకోవచ్చు కనుక వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి పని: ఆకారాన్ని చదవడం

పాస్తా ముక్కను చేతిలోకి తీసుకొని మూడు విషయాలు చూడాలి. మొదటిది గుంట. ముక్కలో గిన్నెలాంటి పల్లం ఉంటే చిన్నగా తరిగిన కూర, కీమా, పప్పుగింజలు అందులో కూర్చుంటాయి. రెండవది మెలిక. మెలికలు, మడతలు ఉన్న ఆకారాలు రుబ్బిన సాస్‌లను పట్టుకుంటాయి, ఎందుకంటే చిక్కటి ముద్ద ఆ సందుల్లో చిక్కుకొని జారిపోకుండా ఉంటుంది. మూడవది మందం. మందంగా, బరువుగా ఉన్న పాస్తాకు వెన్న, జున్ను, మాంసం వంటి గట్టి రుచులు కావాలి. సన్నని పాస్తా నూనె, వెల్లుల్లి, పలుచని రసం వంటి వాటితోనే బాగుంటుంది. లావు గొట్టాల్లో పలుచని సాస్ పోస్తే అది పళ్లెం అడుగుకు చేరుతుంది, నోటికి వచ్చేది ఉత్త పిండి.

కొనేటప్పుడు చూడవలసినవి

ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమ రవ్వతోనే చేయాలని ఇటలీలో 1967 నాటి చట్టం నిర్దేశించింది. డ్యూరమ్ గట్టి గోధుమ. దానిలో ప్రోటీన్ ఎక్కువ కాబట్టి ఉడికినా ముక్క విడిపోదు. ప్యాకెట్ మీద పదార్థాల జాబితాలో మైదా గాని, సాధారణ గోధుమ పిండి గాని కనిపిస్తే ఆ పాస్తా పళ్ల కింద గట్టిగా నిలవదని అనుకోవచ్చు. తరువాత ముక్క ఉపరితలాన్ని చూడాలి. కంచు అచ్చుల గుండా తీసిన పాస్తా గరుకుగా, పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది. టెఫ్లాన్ అచ్చుల గుండా తీసినది నున్నగా, పసుపుపచ్చగా మెరుస్తుంది. గరుకుదనం సాస్‌ను పట్టుకుంటుంది, ఉడికే నీటిలోకి కొంత గంజిని కూడా వదులుతుంది. నేపుల్స్ సమీపంలోని గ్రన్యానో పట్టణం ఇటువంటి కంచు అచ్చు పాస్తాకు పేరుపొందింది. 2013లో ఆ ఊరి పాస్తాకు ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ధర ఎక్కువే అయినా, సాస్ సాదాగా ఉన్న వంటకాలకు ఆ తేడా తెలుస్తుంది.

శాకాహారులు జున్ను విషయంలో జాగ్రత్త పడాలి. అసలైన పార్మిజానో రెజ్జానో తయారీలో పాలను విరగబెట్టడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ అనే పదార్థాన్నే వాడాలన్నది నిబంధన. కనుక ఇక్కడ చెప్పే వంటకాలన్నింటికీ శాకాహార రెన్నెట్ వాడినట్టు ప్యాకెట్ మీద రాసి ఉన్న గట్టి జున్నును తీసుకోవచ్చు.

ఉడికించే పద్ధతి

వంద గ్రాముల పాస్తాకు ఒక లీటరు నీరు, పది గ్రాముల ఉప్పు అన్నది ఇటలీలో వాడుకలో ఉన్న లెక్క. సాస్‌లో ఉప్పు చేపలు గాని, పెకోరీనో వంటి ఉప్పటి జున్ను గాని ఉంటే ఉప్పును ఏడెనిమిది గ్రాములకు తగ్గించవచ్చు. నీరు తెర్లుతున్నప్పుడే పాస్తా వేయాలి, వేసిన వెంటనే ఒకసారి కలపాలి. నీటిలో నూనె పోయడం మన వంటిళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. అంటుకోకుండా చూసే పని గరిటె చేస్తుంది. నూనె పూత మాత్రం ఆ తరువాత సాస్‌ను జారవిడుస్తుంది. ఉడికిన పాస్తాను చల్లటి నీటితో కడగడం ఇంకా నష్టం, ఎందుకంటే సాస్‌ను చిక్కబరచవలసిన గంజి అంతా తూములోకి పోతుంది.

ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే పాస్తాను చిల్లుల గరిటెతో తీసి, పక్క పొయ్యి మీద సిద్ధంగా ఉన్న సాస్‌లో వేయాలి. ఉడికించిన గంజి నీటిని ఒక గరిటెడు పోసి, మిగిలిన రెండు నిమిషాలూ పెద్ద మంట మీద కుదుపుతూ కలపాలి. నూనె, గంజి కలిసి పాలవంటి చిక్కదనం వచ్చి ముక్కకు అంటుకుంటాయి. మీగడ వేయకుండానే వచ్చే చిక్కదనం ఇదే. రుబ్బిన బాసిల్ సాస్‌లకు మాత్రం ఈ పద్ధతి వర్తించదు, దాని సంగతి తరువాత వస్తుంది.

ఒరెక్కియెత్తె: బొటనవేలి గుంట

ఇటలీ పటంలో మడమ దగ్గర ఉన్న పూల్యా ప్రాంతపు పాస్తా ఇది. బారీ నగరం పాత పేటలో స్త్రీలు ఇళ్ల గుమ్మాల ముందు చెక్క బల్లలు వేసుకొని దీన్ని చేస్తూ, అక్కడే ఆరబెట్టి అమ్ముతూ ఉంటారు. చిన్న చెవి ఆకారంలో ఉండే ఈ ముక్కకు మధ్యలో పలుచని గుంట, చుట్టూ మందమైన అంచు ఉంటాయి. పైభాగం గరుకుగా ఉంటుంది. అంచు నమలడానికి గట్టిగా, మధ్య భాగం మెత్తగా ఉండడమే దీని ప్రత్యేకత.

పిండికి గుడ్డు అక్కరలేదు. నలుగురికి నాలుగు వందల గ్రాముల మెత్తటి డ్యూరమ్ రవ్వ, సుమారు రెండు వందల మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు సరిపోతాయి. దక్షిణాదిలో ఉప్మాకు వాడే బన్సీ రవ్వ కూడా డ్యూరమ్ జాతి గోధుమ నుంచి వచ్చేదే కాబట్టి, దాన్ని మిక్సీలో ఇంకా మెత్తగా పట్టి సన్నని జల్లెడలో జల్లించి వాడవచ్చు. బొంబాయి రవ్వ సాధారణంగా మామూలు గోధుమతో చేసేది కనుక దానికి ఆ బిగువు రాదు. నీటిని ఒక్కసారిగా పోయకుండా కొద్దికొద్దిగా కలుపుతూ, పిండిని పది నిమిషాల పాటు అరచేతి మడమతో నొక్కి పిసకాలి. మొదట పొడిపొడిగా, విరుగుతూ ఉన్నా రవ్వ నీటిని పీల్చుకున్నకొద్దీ ముద్ద నున్నబడుతుంది. తొందరపడి మరికాస్త నీరు పోస్తే ఆకారం నిలవదు. తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి.

ఆ తరువాత ముద్దలో కొంత తీసుకొని, మిగిలినదాన్ని కప్పే ఉంచి, చేతివేలంత లావు తాడులా దొర్లించాలి. దాన్ని సెంటీమీటరు పొడవు ముక్కలుగా కోయాలి. పదును లేని, మొన గుండ్రంగా ఉన్న చాకును దాదాపు పడుకోబెట్టి పట్టుకొని, ముక్క మీద నొక్కుతూ మీ వైపుకు లాగాలి. ముక్క చాకు కింద సాగి, అంచులు పైకి చుట్టుకొని చిన్న గవ్వలా తయారవుతుంది. దాన్ని బొటనవేలి కొన మీద తలకిందులుగా తొడిగి లోపలి వైపును బయటికి తిప్పితే చెవి తయారవుతుంది. బల్ల చెక్కదై ఉండాలి, పైన పిండి చల్లకూడదు. గచ్చు మీదా, స్టీలు మీదా ముక్క జారిపోతుంది తప్ప గరుకుతనం రాదు. మొదటి వరసలో సగం వంకరగా వస్తాయి. వాటిని కూడా వండేయండి, రుచిలో తేడా ఉండదు. చేసినవి ఒకదానికొకటి తగలకుండా నూలుగుడ్డ మీద ఆరబెట్టాలి.

దీని జత చీమె ది రాపా అనే చేదు ఆకుకూర. అమెరికాలో ఉండే తెలుగువారికి ఇది బ్రోకలీ రాబ్, రాపీనీ అనే పేర్లతో కూరగాయల దుకాణాల్లో దొరుకుతుంది. ఇక్కడ దొరకనివారు లేత ఆవాకుతో గాని, ముల్లంగి ఆకుతో గాని వండవచ్చు. రెండూ అదే కుటుంబపు మొక్కలే, ఆ ఘాటు, ఆ చిరుచేదు వాటిలోనూ ఉంటాయి. పాలకూర వాడితే చేదు ఉండదు, వంటకం చప్పబడుతుంది.

ఎనిమిది వందల గ్రాముల ఆకును ముదురు కాడలు తీసి కడగాలి. పెద్ద గిన్నెలో ఉప్పునీరు మరిగించి ఆకు వేసి, నాలుగైదు నిమిషాల తరువాత అదే నీటిలో ఒరెక్కియెత్తె వేయాలి. ఆకు పసరు దిగిన నీటిలో ఉడకడం వల్లే పాస్తాకు ఆ రుచి వస్తుంది, కాబట్టి రెండు గిన్నెలు పెట్టవద్దు. తాజా పాస్తా అయితే నాలుగైదు నిమిషాలు, ఎండినదైతే పది నుంచి పన్నెండు నిమిషాలు పడుతుంది. ఎండు పాస్తా వాడేవారు ఆకును, పాస్తాను కలిపి వేసినా సరిపోతుంది. ఈలోగా వెడల్పాటి మూకుడులో ఆరు చెంచాల ఆలివ్ నూనె పోసి, చితకగొట్టిన వెల్లుల్లి రెబ్బలు మూడు, ఒక ఎండుమిర్చి, నాలుగైదు ఉప్పు ఆంచోవీ చేపలు వేసి సన్నని సెగ మీద ఉంచాలి. చేపలు నిమిషంలో కరిగిపోయి నూనెలో కలుస్తాయి. చేప తిననివారు ఉప్పులో ఊరవేసిన కేపర్లు (ఒక పొద పూమొగ్గలు) ఒక చెంచాడు వేసుకుంటే ఆ ఉప్పదనం కొంత వస్తుంది. ఉడికిన ఆకును, పాస్తాను ఇందులోకి ఎత్తి, కొద్దిగా గంజి నీటితో నిమిషం సేపు కుదపాలి. ఆకు విడివిడిగా ఉండకుండా కొంత చిదిగి పాస్తా గుంటల్లోకి చేరాలి. పైన నూనెలో ఎర్రగా వేయించిన బ్రెడ్ పొడి చల్లితే చాలు. దక్షిణ ఇటలీ పేద ఇళ్లలో జున్నుకు బదులుగా వాడుకలోకి వచ్చిన అలంకారం ఇది. నా మటుకు ఈ వంటకానికి జున్ను కన్నా ఇదే నప్పుతుంది.

త్రోఫియె, బుసియాతె: రోలు వంటకాలు

వాయవ్య ఇటలీ తీరంలోని లిగూరియా ప్రాంతానిది త్రోఫియె. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుండి, రెండు కొసలూ సన్నబడి, మధ్యలో మెలితిరిగి ఉంటుంది. ఆ మెలికలో జెనోవా నగరపు పెస్తో, అంటే రుబ్బిన బాసిల్ సాస్, నిండుతుంది. నలుగురికి యాభై గ్రాముల లేత బాసిల్ ఆకులు, ఒక చెంచా పైన్ గింజలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఆరు చెంచాల పార్మిజానో, రెండు చెంచాల పెకోరీనో, చిటికెడు గళ్ల ఉప్పు, తగినంత ఆలివ్ నూనె తీసుకోవాలి. పైన్ గింజల ధర చూసి వెనక్కి తగ్గేవారు జీడిపప్పు వాడవచ్చు. సీసాల్లో అమ్మే పెస్తోలో చాలావరకు ఉండేది అదే. రోట్లో మొదట వెల్లుల్లి, గింజలు, తరువాత ఉప్పు, ఆకులు, చివర జున్ను, నూనె వేసి నూరాలి. మిక్సీ వాడితే వేడికి ఆకు నల్లబడుతుంది కనుక జారును కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ఆగి ఆగి తిప్పాలి. మన తులసి ఘాటు వేరు కాబట్టి దానితో ఈ సాస్ కుదరదు.

ఈ వంటకంలో బంగాళాదుంప, లేత బీన్స్ కూడా పాస్తాతో పాటు అదే నీటిలో ఉడుకుతాయి. దుంపను చిన్న చదరపు ముక్కలుగా, బీన్స్‌ను వేలి కణుపంత ముక్కలుగా కోసి ముందుగా వేసి, ఆ తరువాత త్రోఫియె వేయాలి. దుంప అంచులు కరిగి సాస్‌కు చిక్కదనం ఇస్తాయి. అన్నింటినీ వడకట్టి, పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలోనే, రెండు చెంచాల వేడి గంజి నీటితో పలుచన చేసిన పెస్తో కలపాలి. పెస్తోను పొయ్యి మీద వేడి చేస్తే పచ్చదనం, పరిమళం రెండూ పోతాయి.

సిసిలీ పడమటి కొసన ఉన్న త్రాపనీ పట్టణానిది బుసియాతె. పిండి తాడును సన్నని పుల్లకు గాని, ఇనుప కడ్డీకి గాని చుట్టి లాగడం వల్ల ఇది పొడవాటి స్ప్రింగ్ తీగలా వస్తుంది. త్రాపనీ రేవులో ఆగిన జెనోవా నావికుల నుంచి పెస్తో ఆ ఊరికి వచ్చిందనీ, స్థానికులు పైన్ గింజలకు బదులు తమ నేలలో పండే బాదంను, దానికి టమాటాను చేర్చుకున్నారనీ చెప్పుకుంటారు. తెలుగు నాలుకకు ఇది పరాయిగా తోచదు, వరస చూస్తే మన టమాటా రోటి పచ్చడే. నలుగురికి ఎనభై గ్రాముల పొట్టు తీసిన బాదం, మూడు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు బాసిల్, వేడినీళ్లలో ముంచి తొక్క, గింజలు తీసిన నాలుగైదు పండు టమాటాలు, ఉప్పు, ఆలివ్ నూనె వేసి బరకగా నూరాలి. టమాటాను ఉడికించకూడదు. బాదం పూర్తిగా మెత్తబడకుండా, పళ్లకు తగిలేటట్టు ఉంటేనే మెలికల్లో నిలుస్తుంది. పైన బ్రెడ్ పొడి గాని, నూనెలో వేయించిన వంకాయ ముక్కలు గాని వేసి వడ్డిస్తారు. వంకాయ ఉన్న రోజు జున్ను అవసరం కనిపించదు.

పిత్సోక్కెరి: కొండప్రాంతపు పట్టీలు

ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాల మధ్య ఉన్న వాల్తెల్లీనా లోయ సంప్రదాయ వంటల్లో బక్‌వీట్ వాడకం ఎక్కువ. ఉత్తరాదిలో ఉపవాసాలకు వాడే కుట్టు పిండి ఇదే, హైదరాబాదు వంటి నగరాల దుకాణాల్లోనూ దొరుకుతుంది. లోయలోని తెల్యో ఊరివారు పాటించే కొలతల ప్రకారం నాలుగు వందల గ్రాముల బక్‌వీట్ పిండికి వంద గ్రాముల మైదా కలుపుతారు. బక్‌వీట్‌లో జిగురు ఉండదు కనుక ఆ కాస్త మైదాయే పట్టీని విరగకుండా కాపాడుతుంది. మొదటిసారి చేసేవారు మైదాను నూట యాభై గ్రాములకు పెంచి, ఆ మేరకు బక్‌వీట్‌ను తగ్గిస్తే పని సులువవుతుంది. నీటితో కలిపి ఐదు నిమిషాలు పిసికి, రెండు మూడు మిల్లీమీటర్ల మందంగా వత్తాలి. దాన్ని ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి, అడ్డంగా అర సెంటీమీటరు వెడల్పుతో తరగాలి.

ఇంతటి బరువైన, మట్టివాసన గల పాస్తాకు తేలికపాటి సాస్ ఏదీ చాలదు. రెండు వందల యాభై గ్రాముల బంగాళాదుంప ముక్కలు, రెండు వందల గ్రాముల తరిగిన సేవోయ్ క్యాబేజీ ఉప్పునీటిలో వేసి, ఐదు నిమిషాల తరువాత పిత్సోక్కెరి వేయాలి. మామూలు క్యాబేజీ కూడా పనికివస్తుంది, దాన్ని కాస్త సన్నగా తరగాలి. మరో పది నిమిషాల్లో అన్నీ ఉడుకుతాయి. వేడి చేసిన వెడల్పు పళ్లెంలో చిల్లుల గరిటెతో ఒక వరస తీసి వేసి, దానిపై తురిమిన పార్మిజానో, పలుచగా కోసిన కసేరా జున్ను పరచాలి. మళ్లీ పాస్తా, మళ్లీ జున్ను. కసేరా దొరకకపోతే ఫోంతీనా గాని, బాగా కరిగే మరో ఆవుపాల జున్ను గాని వాడాలి. మొజరెల్లా తీగలు సాగుతుందే తప్ప రుచినివ్వదు. చివరగా రెండు వందల గ్రాముల వెన్నలో ఒక వెల్లుల్లి రెబ్బ వేసి, వెన్న బంగారు రంగుకు వచ్చేదాకా కాచి పైన పోయాలి. రెండు వందల గ్రాములు చూసి కళ్లు తిరిగితే సగం చేసుకోండి, ఇది మంచు కొండల్లో పనిచేసేవారి భోజనం. పోసిన తరువాత కలపకూడదు. మిరియాల పొడి చల్లి, ఆవిరి తగ్గకముందే తినాలి, ఎందుకంటే చల్లారితే జున్ను గడ్డకట్టి వంటకం మొత్తం ఒకే ముద్దవుతుంది.

ఫ్రెగోలా: వేయించిన రవ్వ గుళికలు

సార్డీనియా ద్వీపంలో డ్యూరమ్ రవ్వ మీద నీళ్లు చిలకరిస్తూ, వెడల్పాటి మట్టి పళ్లెంలో వేళ్లతో దొర్లిస్తే వచ్చే చిన్న గుళికలివి. వాటిని ఆరబెట్టి పొయ్యిలో కాలుస్తారు కనుక ఒక్కొక్కటి ఒక్కో రంగులో, లేత పసుపు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటాయి. ఆ కాలిన రుచి పోకుండా వండాలంటే నీళ్లలో ఉడికించి వడకట్టకుండా, రసాన్ని గుళికలే పీల్చుకునేటట్టు చేయాలి.

దీని ప్రసిద్ధ వంటకం క్లామ్స్ అనే చిన్న ఆల్చిప్పలతో చేసేది. కిలో ఆల్చిప్పలను ఉప్పునీటిలో గంటసేపు ఉంచితే ఇసుక వదులుతాయి. పగిలినవాటిని, తట్టినా మూసుకోనివాటిని పారేయాలి. నూనెలో వెల్లుల్లి వేగాక ఆల్చిప్పలు వేసి మూతపెడితే మూడు నాలుగు నిమిషాల్లో నోళ్లు తెరుస్తాయి. తెరవనివాటిని తినకూడదు. దిగిన రసాన్ని గుడ్డలో వడకట్టి, అందులో మూడు వందల గ్రాముల ఫ్రెగోలా, తరిగిన రెండు టమాటాలు వేసి, వేడినీరు గరిటె గరిటెగా పోస్తూ పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉడికించాలి. చివర ఆల్చిప్పలు, పార్స్లీ ఆకు కలపాలి. వంటకం జావకన్నా చిక్కగా, కూరకన్నా పలుచగా ఉండాలి. ఆల్చిప్పల రసమే ఉప్పగా ఉంటుంది కాబట్టి ఆఖరున రుచి చూశాకే ఉప్పు వేయాలి.

మరికొన్ని

అదే సార్డీనియాలోని మల్లొరెద్దుస్ అనేవి గీతలు పడిన చిన్న గుల్లలు. పంది సాసేజ్, టమాటా, కుంకుమపువ్వు, పెకోరీనోలతో చేసిన చిక్కటి సాస్ వీటికి తగినది. మాంసం తునకలు గుల్ల లోపలికి, సాస్ పైనున్న గీతల్లోకి చేరతాయి. పంది మాంసం తిననివారు మటన్ కీమాలో దంచిన సోంపు వేసి వండితే సాసేజ్ వాసనకు దగ్గరగా వస్తుంది. తుస్కనీలోని సియెనా పరిసరాలకు చెందిన పిచి, చేత్తో దొర్లించిన లావు తీగ. దానికి వెల్లుల్లి బాగా దట్టించిన టమాటా సాస్ గాని, నూనెలో వేయించిన బ్రెడ్ పొడి గాని చాలు. నేపుల్స్ వారి పక్కెరి వెడల్పాటి గొట్టాలు. వాటికి చేప ముక్కలతో, రొయ్యలతో చేసిన సాస్ బాగుంటుంది. లిగూరియాలోనే, చెక్కిన చెక్క ముద్రతో అచ్చువేసే నాణెంలాంటి కొర్జెత్తి ఉంది. అచ్చు గీతల్లో అక్రోట్ సాస్ పలుచగా పరుచుకుంటుంది.

ఇంట్లో ప్రయత్నించవద్దని చెప్పవలసినది ఒకటుంది. సార్డీనియాలోని నువోరో పట్టణంలో కొద్దిమంది స్త్రీలకు మాత్రమే చేతనైన సు ఫిలిందెవులో పిండి తాడును ఎనిమిదిసార్లు మడిచి లాగి 256 సన్నని దారాలు తీస్తారు. వాటిని మూడు పొరలుగా ఒకదానిపై ఒకటి ఏటవాలుగా పరచి ఎండబెడితే నేతబట్టలా కనిపిస్తుంది. లూలా గ్రామంలోని సంత్ ఫ్రాంచెస్కో ఉత్సవానికి నడిచి వచ్చే యాత్రికులకు దాన్ని తుంచి గొర్రె మాంసపు రసంలో వేసి, పెకోరీనోతో వడ్డిస్తారు. పిండిలో తేమ, ఉప్పు ఎంత ఉండాలో చేతి స్పర్శతోనే తెలుసుకోవాలి. ఎవరో ఒకరి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకుంటే తప్ప అది రాదు.

ఆకారం దొరకనప్పుడు

బుసియాతెకు బదులు పొడవు ఫుసిల్లి, త్రోఫియెకు బదులు కసరెచ్చె వాడితే సాస్ పట్టుకునే గుణం దాదాపుగా నిలుస్తుంది. ఒరెక్కియెత్తెకు చిన్న శంఖాల ఆకారం పనికివస్తుంది, నమలడంలో ఆ బిగువు మాత్రం ఉండదు. ఫ్రెగోలా స్థానంలో పెద్ద గుళికల కుస్కుస్‌ను నూనె వేయని పొడి మూకుడులో ఎర్రబడేదాకా వేయించి వాడాలి. పిచికి మరీ లావు స్పగెట్టి తీసుకోవచ్చు. పిత్సోక్కెరికి దుకాణంలో దొరికే గోధుమ పాస్తా ఏదీ సరిపోదు. కుట్టు పిండి ఉంటే చేసుకోవాలి, లేకపోతే ఆ రోజుకు మరో వంటకం ఎంచుకోవాలి.